‘స్ట్రేంజ్ ఫ్రూట్’ ఎవరి పాట?

1956లో వెలువడిన తన ఆత్మకథ ‘లేడీ సింగ్స్ ద బ్లూస్’లో జాజ్ గాయని బిల్లీ హాలిడే ఒక మాట చెప్పుకొన్నది. లూయిస్ ఆలన్ అనే కవి తనకొక కవిత తెచ్చి చూపించాడట. అతడూ, తానూ, తన పియానో వాద్యకారుడు సానీ వైట్ కలసి సుమారు మూడు వారాలు కూర్చొని దానిని పాటగా మలచారట. ఆ పాట పేరు ‘స్ట్రేంజ్ ఫ్రూట్’, అనగా వింత పండు. పుస్తకం వచ్చేనాటికి ఆ లూయిస్ ఆలన్ బ్రతికే ఉన్నాడు. కవితే కాదు, బాణీ కూడ పూర్తిగా తనదేననీ, హాలిడే దగ్గరకు చేరేనాటికే అది న్యూయార్కు సభలలో వినబడుతున్న పాటేననీ ఆయన అభ్యంతరం తెలిపాడు. హాలిడేను అడిగితే, ఆ పుస్తకాన్ని తాను చదవనే లేదన్నదని చెబుతారు. అది నిజమే అయి ఉండవచ్చును. ఆ ఆత్మకథను ఆమె చెప్పగా వ్రాసినవాడు విలియం డఫ్టీ అనే పత్రికా రచయిత.

పాట ఎవరిదన్న తగవు సంగీతలోకంలో కొత్తది కాదు. మనమూ ‘ఘంటసాల పాట’ అంటాము, ‘సుశీల పాట’ అంటాము; వ్రాసినవారి పేరును ఆ తరువాత గుర్తు తెచ్చుకొంటాము. కాని ఈ పాట విషయంలో తగవు కీర్తికీ రాయల్టీకీ మాత్రమే సంబంధించినది కాదు. చెట్టుకు ఉరి తీయబడి వ్రేలాడుతున్న మనుషుల మీద వ్రాసిన పాట ఇది. వ్రాసినవాడు యూదుడైన ఒక బడిపంతులు. పాడినది నల్లజాతి స్త్రీ. ఒకరి వాటా పెంచి చెప్పినప్పుడల్లా రెండవవారి జీవితంలోనుండి ఏదో ఒకటి చెరిగిపోతూ వచ్చింది. ఆ చెరిపివేతలు ఎలా జరిగాయో, మిగిలిన రికార్డులు ఏమి చెబుతున్నాయో చూడడానికే ఈ టపా.

ముందుగా, పాటలో ఎక్కడా రాని ఒక మాట గురించి చెప్పాలి. ‘లించింగ్’ అన్నదానికి మన పత్రికలు ఇప్పుడు ‘మూకహత్య’ అని వాడుతున్నాయి. దగ్గరి మాటే గాని, అందులో ఒక లోపం ఉన్నది. మూక అనగానే అదుపు తప్పిన గుంపు, క్షణికావేశం మనసుకు తోస్తాయి. అమెరికాలో నల్లవారి మీద జరిగిన ఆ హత్యలలో చాలావాటికి క్షణికావేశం అన్న సాకు కూడ లేదు. కొన్నింటిని ముందుగా పత్రికలలో ప్రకటించారు. పిల్లలను భుజాల మీద ఎక్కించుకొని వచ్చి చూశారు. చూసినవారు ఫొటోలు దిగారు, ఆ ఫొటోలను పోస్టుకార్డులుగా బంధువులకు పంపుకొన్నారు. అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థ భద్రపరచిన లెక్క ప్రకారం 1882 నుండి 1968 వరకు ఇలా చంపబడినవారు 4,743 మంది. వారిలో 3,446 మంది నల్లజాతివారు. దీనిని ఫెడరల్ నేరంగా చేయాలన్న డయ్యర్ బిల్లు 1922లో ప్రతినిధుల సభలో నెగ్గి, సెనేట్‌లో దక్షిణాది సభ్యుల అడ్డగింపుతో వీగిపోయింది. 1937లో మరొక బిల్లు ప్రతినిధుల సభను దాటింది. 1938 మొదట్లో సెనేట్ సభ్యులు వారాల తరబడి ప్రసంగాలు సాగదీసి దానినీ చంపివేశారు. మన పాట మాటలు అచ్చయినది 1937లో, రికార్డు అయినది 1939లో. అంటే చట్టసభ నోరు మూతపడిన ఆ రెండేళ్ళలోనే ఇది పాటగా ఎదిగింది. చివరకు ఎమ్మెట్ టిల్ పేరు మీద ఆ చట్టం వచ్చినది 2022 మార్చిలో! డయ్యర్ బిల్లు నెగ్గిన సరిగ్గా నూరేళ్ళకు.

ఈ కవిత పుట్టుకకు కారణం ఒక ఛాయాచిత్రం. 1930 ఆగస్టు 7 రాత్రి ఇండియానా రాష్ట్రం మారియన్ పట్టణంలో ఒక గుంపు జైలు తలుపులు పగులగొట్టి థామస్ షిప్, ఏబ్రం స్మిత్ అనే ఇద్దరు నల్లజాతి యువకులను బయటకు లాగి, కొట్టి, న్యాయస్థానపు ఆవరణలోని చెట్టుకు ఉరి తీసింది. ఒక తెల్లజాతి కార్మికుని హత్య, ఒక స్త్రీపై అత్యాచారం వారి మీది ఆరోపణలు. విచారణ ఇంకా మొదలు కాలేదు. లారెన్స్ బైట్లర్ అనే స్థానిక ఫొటోగ్రాఫరు ఆ దృశ్యాన్ని తీశాడు. పై సగంలో రెండు శవాలు. క్రింది సగంలో కెమెరా వంక చూస్తున్న జనం. ఒకడు శవం వైపు వేలు చూపుతున్నాడు. ఒక జంట చేతులు పట్టుకొని ఉన్నది. ఎవరూ ముఖం దాచుకోవడం లేదు. ఆ బొమ్మను ఎన్నిసార్లు చూసినా, నన్ను కలవరపెట్టేది పై సగం కంటె ఆ క్రింది సగమే. అది వేలాది ప్రతులుగా అమ్ముడయింది. అదే రాత్రి మూడవవాడిగా ఉరిత్రాడు దాకా వెళ్ళి బ్రతికి బయటపడిన 16 ఏళ్ళ జేమ్స్ కామెరాన్ తరువాతి కాలంలో, 1988లో, మిల్వాకీ నగరంలో ఈ చరిత్రకంతటికీ ఒక మ్యూజియం నెలకొల్పాడు. ఇంకొక సంగతి గమనించండి. పాట దక్షిణాది చెట్ల గురించి మాట్లాడుతుంది గాని, మారియన్ దక్షిణాదిలో లేదు. ఉత్తరాది పట్టణమది.

ఆ ఫొటోను చూసి నిద్రపట్టక కవిత వ్రాసినవాడి అసలు పేరు ఏబెల్ మీరోపోల్. రష్యా నుండి వలస వచ్చిన యూదుల కుటుంబంలో 1903లో న్యూయార్కులోని బ్రాంక్స్‌లో పుట్టి, అక్కడే డెవిట్ క్లింటన్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించేవాడు. జేమ్స్ బాల్డ్విన్ చదువుకొన్న బడి అదే. పాఠాలు చెప్పగా మిగిలిన సమయమంతా కవితలకూ, పాటలకూ, నాటికలకూ వెచ్చించాడు. కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. లూయిస్, ఆలన్ అన్నవి పుట్టుకతోనే చనిపోయిన తన ఇద్దరు బిడ్డలకు పెట్టుకొన్న పేర్లు. ఆ రెంటినీ కలిపి కలంపేరు చేసుకొన్నాడు. కవిత తొలిసారిగా 1937 జనవరిలో ఉపాధ్యాయుల సంఘం పత్రిక ‘ద న్యూయార్క్ టీచర్’లో ‘బిటర్ ఫ్రూట్’, అంటే చేదు పండు, అన్న పేరుతో వచ్చింది. బాణీ కట్టమని కొందరిని అడిగి, చివరకు తానే కట్టుకొన్నాడు. ఆయన భార్య ఆన్ పాడేది. లారా డంకన్ అనే నల్లజాతి గాయని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పాడింది. కనుక ఆత్మకథలోని మూడు వారాల కథ నిలవదు. పదాలు, బాణీ మీరోపోల్‌వే. ఇందులో సందేహానికి తావు లేదని నా అభిప్రాయం.

పన్నెండే పాదాలు. మొదట ఒక చెట్టు, దాని వింతపండు. తరువాత దక్షిణాది పల్లెసీమల అందం, పూల పరిమళం. ఆ వెంటనే, ఊపిరి తిప్పుకొనే లోపల, వికృతమైన ముఖం, కాలిన మాంసం వాసన. చివర కాకులూ, వానా, గాలీ, ఎండా. నిందించే మాట ఒక్కటి కూడ లేదు. చంపినవారి ప్రస్తావనే లేదు. ప్రచార కవిత్వంలో ఇంతటి నిగ్రహం అరుదు. మీరోపోల్ వ్రాసిన ఇతర ఉద్యమ గీతాలతో పోల్చితే ఈ ఒక్కటి ఎందుకు ఇంత పొదుపుగా వచ్చిందా అని ఆశ్చర్యం కలుగుతుంది. బాణీ మాత్రం, నిజం చెప్పాలంటే, సాదాసీదాగా ఉంటుంది. స్వరలిపిలో చూసి మెచ్చుకోదగ్గ విశేషాలు పెద్దగా లేవు. ఎవరు పాడతారన్నదాని మీదే దాని బ్రతుకు ఆధారపడి ఉన్నది.

1938 డిసెంబరులో న్యూయార్కు గ్రెనిచ్ విలేజిలో కేఫ్ సొసైటీ అన్న రాత్రి క్లబ్బు తెరుచుకొన్నది. నడిపినవాడు బార్నీ జోసెఫ్‌సన్, అంతకుముందు చెప్పుల వ్యాపారం చేసినవాడు. నల్లవారూ తెల్లవారూ ఒకే బల్ల దగ్గర కూర్చొనగలిగిన క్లబ్బులు ఆనాడు న్యూయార్కులో సైతం లేవనే చెప్పాలి. నల్ల కళాకారులు వేదిక మీద ఉంటే, నల్ల ప్రేక్షకులకు లోపల ప్రవేశం ఉండేది కాదు. జోసెఫ్‌సన్ ఆ ఆచారాన్ని తోసిపుచ్చాడు. అక్కడ ప్రారంభం నుండీ పాడినది బిల్లీ హాలిడే. ఆమెకప్పుడు 23 ఏళ్ళు. మీరోపోల్ తన పాటను అక్కడకు తీసుకువెళ్ళి, పియానో దగ్గర కూర్చొని ఆమెకు వినిపించాడు.

ఇక్కడ రెండవ చెరిపివేత మొదలవుతుంది. మొదటిది హాలిడే పుస్తకం మీరోపోల్‌కు చేసినది. రెండవది చుట్టూ ఉన్న మగవారు హాలిడేకు చేసినది. ఆ పాట అర్థం ఆమెకు మొదట తెలియనే లేదని, కొన్ని నెలల తరువాత ఒకనాటి రాత్రి పాడుతూ ఉండగా కన్నీరు జారినప్పుడే ఆమెకు అర్థమయినదని తనకు తెలిసిందనీ జోసెఫ్‌సన్ చెప్పేవాడు. పాటలోని ‘పాస్టరల్’ అన్న మాటకు అర్థమేమిటని ఆమె అడిగిందని మీరోపోల్ గుర్తు చేసుకొన్నాడు. ఈ రెండు సంగతులను పట్టుకొని, తానేమి పాడుతున్నదో తెలియని ఒక అమాయకురాలి గొంతును తెల్లవారు వాడుకొన్నారన్న అభిప్రాయం చాలా వ్యాసాలలో స్థిరపడిపోయింది.

ఒక మాట తెలియకపోవడం వేరు, విషయం తెలియకపోవడం వేరు. హాలిడే పుట్టినది 1915లో, పెరిగినది బాల్టిమోరులో, పేదరికంలో. 1938లో ఆర్టీ షా నడిపిన తెల్లవారి బృందంతో దేశమంతా తిరిగింది. దక్షిణాదిలో ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి అన్నదే ప్రతిపూటా సమస్య అయింది. చివరకు న్యూయార్కులోని ఒక హోటలులో సైతం, మిగతా అతిథులు చూస్తారని, సామాన్లు చేరవేసే లిఫ్టులో ఎక్కి రమ్మన్నారు. అదే ఆమెను ఆ బృందం నుండి బయటకు పంపింది. అంతకుముందు ఏడాది, 1937లో, గిటారు వాద్యకారుడైన ఆమె తండ్రి క్లారెన్స్ హాలిడే టెక్సాసులో న్యుమోనియాతో చనిపోయాడు. నల్లవాడు కనుక ఆసుపత్రులు చేర్చుకోలేదని ఆమె నమ్మింది. ఈ పాట పాడినప్పుడల్లా తండ్రి చావు గుర్తుకు వస్తుందని చెప్పుకొన్నది. ఇటువంటి మనిషికి చెట్టుకు వ్రేలాడే పండు ఏమిటో ఒక క్లబ్బు యజమాని వివరించవలసిన అవసరం ఉన్నదా? పాస్టరల్ అంటే ఏమిటని అడిగి తెలుసుకొన్న గాయని, అడగకుండా పాడేవారికంటె శ్రద్ధ గలదనే నేను అనుకొంటాను.

అయితే జోసెఫ్‌సన్‌కు దక్కవలసిన ఘనత ఒకటున్నది. ఆ పాటకు ఆయన పెట్టిన నియమాలు. ఆ రాత్రి కచేరీకి అదే చివరి పాట. అది మొదలయ్యే ముందు సర్వర్లు తిరగడం మానాలి, గల్లాపెట్టె శబ్దం కూడ వినబడరాదు. దీపాలన్నీ ఆరిపోవాలి, ఒక్క చిన్న కాంతి ఆమె ముఖం మీద. పాట ముగియగానే అదీ ఆరిపోవాలి. మళ్ళీ వెలిగేసరికి వేదిక ఖాళీగా ఉండాలి. ఎంత చప్పట్లు కొట్టినా తిరిగి రాకూడదు. 1939 తొలినాళ్ళలో మొదటిసారి పాడినప్పుడు చప్పట్లే లేవు. చాలాసేపటికి ఎవరో ఒకరు భయం భయంగా మొదలుపెడితే, అప్పుడు హాలంతా అందుకొన్నదని ఆమె జ్ఞాపకం. త్రాగుడుకూ కబుర్లకూ వచ్చినవారిని కదలకుండా కూర్చోబెట్టి వినిపించిన పాట ఇది.

రికార్డు చేయడానికి ఆమె తనతో ఒప్పందమున్న కొలంబియా సంస్థను అడిగింది. దక్షిణాది దుకాణదారులు అలుగుతారన్న భయంతో వారు ఒప్పుకోలేదు. ఆమెను వెలుగులోకి తెచ్చిన నిర్మాత జాన్ హామండ్‌కు, వర్ణ వివక్ష మీద పోరాడినవాడే అయినా, ఈ పాట గిట్టలేదు. కళ దృష్ట్యా ఇది ఆమెకు చేటు చేసిందని చివరిదాకా అన్నాడు. (హామండ్ మాటలో లేశమాత్రం నిజం లేకపోలేదు. ఈ పాట తరువాత ఆమె చలాకీ పాటలు తగ్గి, విషాద గీతాలే ఆమె ముద్ర అయ్యాయి. కాని ఆ విషాద గీతాలు లేని హాలిడేను ఎవరు కోరుకొంటారు?) అప్పుడు ఆమె వెళ్ళినది మిల్ట్ గేబ్లర్ దగ్గరకు. కమడోర్ అన్న రికార్డుల అంగడి ఆయనది, దాని పేరు మీదనే చిన్నగా సొంత రికార్డులు కూడ వేసేవాడు. వాద్యాలు లేకుండా ఆమె అంగడిలో పాడి వినిపిస్తే గేబ్లర్‌కు కన్నీళ్ళు వచ్చాయట. కొలంబియావారు ఈ ఒక్క పర్యాయానికి ఆమెను ఒప్పందం నుండి సడలించారు.

1939 ఏప్రిల్ 20న న్యూయార్కులో రికార్డింగు జరిగింది. కేఫ్ సొసైటీలో వాయించే ట్రంపెట్ వాద్యకారుడు ఫ్రాంకీ న్యూటన్ బృందం, పియానో మీద సానీ వైట్. ఆ ఒక్కరోజునే నాలుగు పాటలు పూర్తిచేశారు. 78 వేగపు రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాల సంగీతం పడుతుంది. ఈ పాట మరీ చిన్నదని గేబ్లర్‌కు సందేహం కలిగి, ముందు ఏదైనా వాయించమని సానీ వైట్‌ను అడిగాడు. అందువల్ల ఆ రికార్డులో దాదాపు 70 సెకన్ల దాకా గొంతు వినబడదు. మొదట మూతపెట్టిన ట్రంపెట్, తరువాత ఆలోచించుకొంటూ నడిచే పియానో. నిడివి చాలదేమోనన్న వ్యాపార సందేహం వల్ల చేర్చిన ఆ ముందుభాగం, శవయాత్ర వెనుక నడుస్తున్న భావం కలిగించి, పాటకు ప్రాణం పోసింది. హాలిడే గొంతు వచ్చినప్పుడు అందులో ఏడుపు ఉండదు, కోపం ఉండదు. సాక్షి వాఙ్మూలం ఇచ్చినట్లు పాడుతుంది. చివరి మాట దగ్గర మాత్రం స్వరాన్ని పైకెత్తి సాగదీస్తుంది. ఆత్మకథలో సానీ వైట్‌కు బాణీలో వాటా ఇవ్వడానికి కారణం బహుశా ఈ 70 సెకన్లేనేమో. కాపీరైటు చట్టం దృష్టిలో అది బాణీ కాదు. వినేవాడి చెవికి, అది లేకుండా ఆ పాట లేదు.

రెండవ వైపున ‘ఫైన్ అండ్ మెలో’ అన్న బ్లూస్ పాట వేశారు. జనం నాణేలు వేసి జూక్‌బాక్సులలో దానిని వినేవారు. అంటే సరదా పాట కోసం కొనుక్కొన్న పలకకు వెనుకవైపున ఉరిచెట్టు కూడ ఇంటికి వచ్చేదన్నమాట. రేడియో స్టేషన్లు చాలావరకు దీనిని దూరం పెట్టాయి. ‘టైమ్’ పత్రిక 1939లో దీనిని నల్లజాతి హక్కుల సంఘానికి పనికివచ్చే ప్రచార సాధనమని కొంత వెటకారంగా వ్రాసింది. అదే పత్రిక 1999 చివరన దీనిని శతాబ్దపు పాటగా ఎన్నుకొన్నది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2002లో జాతీయ ధ్వనిముద్రణల పట్టికను ప్రారంభించినప్పుడు మొదటి విడతలోనే ఈ 1939 రికార్డును చేర్చింది.

ప్రభుత్వం దృష్టి మాత్రం పాట కంటె వ్రాసినవాడి మీద ముందుగా పడింది. న్యూయార్కు రాష్ట్ర శాసనసభ 1940–41లలో బడులలో కమ్యూనిస్టులను ఏరివేయడానికి రాప్–కూడర్ట్ సంఘాన్ని వేసింది. వారు మీరోపోల్‌ను పిలిపించి అడిగిన ప్రశ్నలలో ఒకటి, ఈ పాట వ్రాసినందుకు పార్టీ నీకు డబ్బిచ్చిందా అన్నది. లించింగ్‌ను ఖండించడానికి ఎవరో డబ్బివ్వనిదే మనిషికి మనసు రాదని వారి నమ్మకం కాబోలు. కేఫ్ సొసైటీలో ఇదే పాట పాడి రికార్డు కూడ ఇచ్చిన జోష్ వైట్ 1950లో కాంగ్రెస్ విచారణ సంఘం ముందు హాజరయి, ఈ పాట మాటలను అక్కడే చదివి వినిపించాడు.

హాలిడే వెంట పడినది మాదకద్రవ్యాల శాఖ. 1947లో ఆమెకు జైలుశిక్ష పడింది. విడుదలయిన తరువాత, మద్యం అమ్మే న్యూయార్కు క్లబ్బులలో పాడడానికి కావలసిన అనుమతి కార్డును తిరిగి ఇవ్వలేదు. ఆ శాఖాధిపతి హారీ యాన్‌స్లింగర్ ఈ పాట మానమని ఆమెను హెచ్చరించాడనీ, మాననందుకే వేటాడాడనీ ఈమధ్య పుస్తకాలలోను, 2021లో వచ్చిన ‘ద యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ బిల్లీ హాలిడే’ చిత్రంలోను చూపించారు. ఆయన జాతిద్వేషి అన్నదీ, ఆమె వెంట మనుషులను పెట్టాడన్నదీ వాస్తవమే. పాట మానమన్న ఆ హెచ్చరికకు కాగితపు ఆధారం లేదని జాజ్ చరిత్రకారులు కొందరు గట్టిగానే వాదించారు. వారి పక్షమే నాకు సబబుగా తోస్తున్నది. జరిగిన అన్యాయం చాలినంత ఉన్నది. దానికి కథ అతకనవసరం లేదు. 1972లో డయానా రాస్ నటించిన ‘లేడీ సింగ్స్ ద బ్లూస్’ చిత్రం మరొక అడుగు ముందుకు వేసి, దక్షిణాది పర్యటనలో ఆమె లించింగ్‌ను కళ్ళారా చూసినట్లు, అందులోనుండి పాట పుట్టినట్లు చిత్రించింది. బ్రాంక్స్ బడిపంతులు అందులో కనబడడు.

ఆ బడిపంతులు సంగతి మరికొంత చెప్పాలి. ఆయన మాటలు వ్రాసిన మరో ప్రసిద్ధ గీతం ‘ద హౌస్ ఐ లివ్ ఇన్’. బాణీ ఎర్ల్ రాబిన్‌సన్‌ది. 1945లో ఫ్రాంక్ సినాత్రా దానిని ఒక చిన్న చిత్రంలో పాడాడు. మతసహనం బోధించినందుకు ఆ చిత్రానికి గౌరవ ఆస్కారు కూడ వచ్చింది. నల్లవారూ తెల్లవారూ ఇరుగుపొరుగుగా ఉండడం గురించిన చరణాన్ని చిత్రంలో తీసివేశారు. మీరోపోల్ సినిమాహాలులోనే లేచి కేకలు వేస్తే బయటకు పంపివేశారట. 1953 జూన్‌లో, గూఢచర్యపు నేరం మీద జూలియస్, ఎథెల్ రోజెన్‌బర్గ్ దంపతులను విద్యుత్ కుర్చీలో చంపారు. వారి ఇద్దరు కొడుకులకు పదేళ్ళు, ఆరేళ్ళు. చేరదీయడానికి బంధువులే జంకారు. ఆ సంవత్సరాంతంలో మహామేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ఇంట జరిగిన క్రిస్మస్ విందులో ఏబెల్, ఆన్ దంపతులకు ఆ పిల్లలు పరిచయమయ్యారు. తరువాత వారే పెంచుకొన్నారు. మైకేల్, రాబర్ట్ అనే ఆ ఇద్దరూ నేటికీ మీరోపోల్ ఇంటిపేరుతోనే లోకానికి తెలుసు. లూయిస్, ఆలన్ అన్న ఇద్దరు బిడ్డలు దక్కని ఇంట ఇద్దరు అనాథలు పెరిగారు. మీరోపోల్ 1986లో మరణించాడు.

ఇక ఇతరుల రికార్డుల సంగతి. చాలామంది పాడారు, చాలావరకు భక్తితో పాడారు. భక్తి ఈ పాటకు నప్పదు. నీనా సిమోన్ 1965లో ‘పాస్టెల్ బ్లూస్’ రికార్డులో పాడినది మాత్రం వేరే స్థాయిలోనిది. పియానో ఆమెదే, వేరే తోడు లేదు. హాలిడే అణచిపెట్టిన కోపం సిమోన్ గొంతులో పైకి వస్తుంది. చివరలో ఒక మాటను లాగి లాగి, పాటలోనుండి ఆర్తనాదంలోకి తీసుకువెళుతుంది. 1939లో వాఙ్మూలం, 1965లో తీర్పు. కాన్యే వెస్ట్ 2013లో సిమోన్ గొంతులోని ముక్కలను కోసి తన ర్యాప్ పాటలో కలుపుకొన్నాడు. విడిపోయిన ప్రేయసులూ వారికి చెల్లించే భరణాలూ అక్కడి విషయం. సంగీతపరంగా చమత్కారమే గాని, ఆ ఇద్దరి శవాలను తెచ్చి భరణం గొడవల ప్రక్కన పెట్టడం నాకు మింగుడుపడలేదు. మెచ్చుకొనేవారు చాలామంది ఉన్నారని తెలుసు.

వినదలచినవారికి నాదొక సూచన. హాలిడే పాడినవాటినే వరుసగా వినండి. ముందు 1939 కమడోర్ రికార్డు. తరువాత 1945 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ కచేరీలో పాడినది. అక్కడ ప్రేక్షకులు ఊపిరి బిగబట్టినట్లు తెలుస్తుంది. ఆపైన 1956 జూన్‌లో స్టూడియోలో పాడినది. అందులో చార్లీ షేవర్స్ ట్రంపెట్ మోత కొంచెం నాటకీయంగా ఉండి నాకు అడ్డు తగులుతుంది. ఆమె గొంతు అప్పటికే గరుకుబారింది. కొన్ని మాటలను నెట్టుకొంటూ పోతుంది, కాని ఆ గరుకుదనమే పాటకు తగినదిగా కొందరికి అనిపించవచ్చును. చివరగా లండన్‌లో గ్రెనడా టెలివిజన్‌వారి ‘చెల్సీ ఎట్ నైన్’ కార్యక్రమానికి 1959 ఫిబ్రవరిలో చిత్రించినది చూడండి. మాల్ వాల్డ్రన్ పియానో ఒక్కటే తోడు. మనిషి చిక్కిపోయింది. చేతులు కదల్చదు. మాటకూ మాటకూ మధ్య ఇంత ఎడం పెడుతుందేమి అనిపిస్తుంది. తరువాతి మాట వస్తుందా రాదా అని కంగారు కలుగుతుంది. అది చిత్రించిన అయిదు నెలలకు, 1959 జూలై 17న, న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆసుపత్రిలో ఆమె మరణించింది. వయసు 44. మాదకద్రవ్యాల కేసు మీద మంచం మీదనే అరెస్టు చేసి, గది బయట పోలీసులను కాపలా పెట్టారు.